జర్నలిస్టుల కేసులు చేసే లాయర్‌గా బతకగలమా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: ఎల్ఎల్‌బీ చివరి ఏడాదిలో ఉన్నారు. అంతకుముందు ఒక పత్రిక జిల్లా డెస్క్‌లో సబ్ ఎడిటర్‌గా చేశారు. జర్నలిస్టుల తరఫున వాదించే లాయర్ కావాలని ఉంది. ఆ పని రోజూ ఎలా ఉంటుంది, దానితో ఇల్లు గడుస్తుందా, ఏదో ఒక పార్టీ మనిషిగా ముద్ర పడకుండా ఉండగలమా అని అడిగారు. హైదరాబాద్‌లో ఈ పని చేస్తూనే జుట్టు నెరిసినవాణ్ని కాబట్టి మూడింటికీ జవాబు చెబుతాను. కానీ మీరు అడగని నాలుగో ప్రశ్న ఒకటుంది. కేసు వచ్చినప్పుడు మీ క్లయింట్ ఎవరు, పత్రికా, విలేకరా? నా అనుభవంలో ఈ వృత్తిలో అసలు చిక్కంతా అక్కడే ఉంది. దాని గురించి కాస్త ఎక్కువే రాస్తాను.

మీడియా లాయర్ అంటే సుప్రీంకోర్టులో వాక్‌స్వేచ్ఛనిచ్చే 19(1)(ఏ) అధికరణం మీద గంటల తరబడి వాదించే మనిషి అనుకుంటారు చాలామంది. అలాంటి రోజు కూడా వస్తుంది, ఎప్పుడో ఒకసారి. మామూలు రోజుల్లో అసలు పని సాయంత్రం ఏడు దాటాక మొదలవుతుంది. డెస్క్ నుంచి ఫోన్ వస్తుంది. "సార్, ఒక్క పేరా చదువుతాను, వెళ్లిపోవచ్చో లేదో చెప్పండి" అంటారు. ఒక్క పేరా అంటారు గానీ చదివేది సగం పేజీ. అవతల పేజీ అచ్చుకు వదిలే టైమ్ దగ్గర పడుతుంటుంది, ఇవతల మీరు అన్నం ముందు కూర్చుని ఉంటారు. కోర్టులో గెలిచే కేసుల కన్నా ఈ ఫోన్లలో రాకుండా ఆపే కేసులే ఎక్కువ. వాటికి పేరు రాదు, తీర్పు రాదు, ఒక్కోసారి ఫీజు కూడా రాదు.

ఒక ఉదాహరణ చెబుతాను. ఇసుక మీద వార్త. "ఫలానా నేత అండతో ఇసుక దోపిడీ" అని శీర్షిక. విలేకరి దగ్గర లారీల ఫొటోలున్నాయి, ఊరివాళ్లు చెప్పిన మాటలున్నాయి, గనుల శాఖ ఇచ్చిన నోటీసు కాపీ ఉంది. నోటీసు ఉన్నది రీచ్ దక్కించుకున్న సంస్థ పేరు మీద. నేత పేరు ఊరివాళ్ల నోట్లో తప్ప ఏ కాగితం మీదా లేదు. "అండతో" అన్న మాటకు రేపు కోర్టులో సాక్ష్యం ఎవరు? ఊరివాళ్లు బోనెక్కరు. ఆ మాట తీసేయమంటే విలేకరికి ప్రాణం ఉసూరుమంటుంది, లాయర్ వార్తను చంపేశాడని తిట్టుకుంటాడు. అందుకే తీసేయమని ఊరుకోకూడదు. ఆ సంస్థలో భాగస్వాములెవరో రిజిస్ట్రేషన్ కాగితాలు చూడమన్నాను. మర్నాటికి తేలింది, నేతగారి తమ్ముడే అందులో భాగస్వామి. అప్పుడు "అండతో" అవసరమే లేకపోయింది. నోటీసు తేదీ, సంస్థ పేరు, భాగస్వామి పేరు, ఆయన ఎవరి తమ్ముడో. ఒక్క విశేషణం లేకుండా వార్త రెండింతలు బలంగా వచ్చింది. అవతలి నుంచి నోటీసు కూడా రాలేదు. డెస్క్‌లో పనిచేసినవాళ్లకు ఈ కిటుకు త్వరగా పట్టుబడుతుంది. మీకున్న పెద్ద ఆస్తి అదే.

మీకు బాగా తెలిసిన ఇంకో అలవాటు కూడా మార్పించాలి. శీర్షిక చివర ప్రశ్నార్థకం పెడితే ఏ కేసూ రాదని మన డెస్కుల్లో గట్టి నమ్మకం. "ఆరోపణలు వెల్లువెత్తుతున్నాయి", "విశ్వసనీయ సమాచారం" అన్నా రక్షణ దొరుకుతుందనుకుంటారు. భారతీయ న్యాయ సంహిత 356 సెక్షన్, అంటే పాత ఐపీసీ 499, 500, కింద వ్యంగ్యంగా అన్నా, అదో ఇదో అన్నట్టు రాసినా పరువు నష్టం కావచ్చని చట్టంలోనే వివరణ ఉంది. ఊళ్లో అనుకుంటున్నదాన్ని అచ్చేస్తే, అనుకున్నవాళ్లతో పాటు అచ్చేసినవాడూ బాధ్యుడే. అలాగే "వివరణ కోరేందుకు ప్రయత్నించగా అందుబాటులోకి రాలేదు" అన్న వాక్యం. ఎన్ని గంటలకు ఫోన్ చేశారు, ఎన్నిసార్లు, వాట్సాప్ మెసేజ్ పెట్టారా, స్క్రీన్‌షాట్ ఉందా అని అడిగితే సగం సందర్భాల్లో అవతల నిశ్శబ్దం. పేజీ వదిలే ముందు ఒక్క మిస్డ్ కాల్ ఇచ్చి ఆ వాక్యం రాసేస్తారు. ఏళ్ల తర్వాత క్రాస్ ఎగ్జామినేషన్‌లో అవతలి లాయర్ ముందు పట్టుకునేది అక్కడే.

ఫొటోల గురించి ఒక్కటే చెబుతాను. 2008లో ఘజియాబాద్ ప్రావిడెంట్ ఫండ్ కుంభకోణం వార్తలో ఒక జాతీయ ఇంగ్లిష్ చానల్, టైమ్స్ నౌ, జస్టిస్ సామంత అని చెబుతూ మాజీ సుప్రీంకోర్టు న్యాయమూర్తి జస్టిస్ పి.బి.సావంత్ ఫొటో వేసింది. పేర్లు దగ్గరగా ఉండటమే కారణం. తెర మీద ఉన్నది కొన్ని సెకన్లే. 2011లో పుణే కోర్టు 100 కోట్లకు డిక్రీ ఇచ్చింది. అప్పీలు వినాలంటే 20 కోట్లు డిపాజిట్ చేసి, మిగతా 80 కోట్లకు బ్యాంకు గ్యారంటీ ఇవ్వమంది బాంబే హైకోర్టు. ఎన్నో లోతైన పరిశోధన కథనాలు చేయలేని నష్టం ఒక్క తప్పు ఫొటో చేసింది. లైంగిక దాడి వార్తల్లోనూ ఇలాంటిదే ఇంకో గుంట. పేరు మార్చామనుకుని డెస్క్ ధీమాగా ఉంటుంది. కానీ ఊరి పేరు, బడి పేరు, తండ్రి చేసే పని అన్నీ వార్తలో ఉంటాయి. ఆ ఊళ్లో అందరికీ ఆ పిల్ల ఎవరో తెలిసిపోతుంది. పిల్లల మీద లైంగిక నేరాల చట్టం పోక్సో 23వ సెక్షన్ బడి పేరును, ఇరుగుపొరుగు వివరాలను కూడా నిషేధించింది. ఈ కేసుల్లో నేను పత్రిక తరఫున నిలబడాల్సి వచ్చినా నా మనసు అవతలివైపే ఉంటుంది.

ఇక నోటీసులు. వంద కోట్లకు లీగల్ నోటీసు వచ్చిందనగానే కొత్త ఎడిటర్లకు టెన్షన్ మొదలవుతుంది. నోటీసుకు అయ్యేది స్టాంపు ఖర్చు. దావా వేయాలంటే అడిగిన మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు కట్టాలి. అందుకే కోట్ల నోటీసులు చాలావరకు నోటీసులుగానే మిగిలిపోతాయి. వాటి పని బెదిరించడం, రెండో రోజు ఫాలోఅప్ వార్త రాకుండా చేయడం. అయినా జవాబు ఇవ్వకుండా పారేయకూడదు. జవాబులో కోపం ఉండకూడదు, మన దగ్గరున్న కాగితాలన్నీ బయటపెట్టకూడదు. నిజంగా తప్పు ఉంటే సవరణ వెంటనే, అదే పేజీలో వేయించండి. సివిల్ దావాకు గడువు అచ్చయిన రోజు నుంచి ఏడాది. ఆ ఏడాది దాటేదాకా విలేకరి నోటుబుక్కు, రికార్డింగులు, ఫొటోల ఒరిజినళ్లు భద్రంగా ఉండాలని ప్రతి జవాబుతో పాటు డెస్క్‌కు ఒక ఉత్తరం రాస్తాను. క్రిమినల్ ఫిర్యాదుకు గడువు మూడేళ్లు కాబట్టి నిజానికి మూడేళ్లు దాచుకోవడం మంచిది. ఫోన్ మార్చినప్పుడల్లా రికార్డింగులు పోగొట్టుకునే విలేకరులతో వేగడం వేరే కథ.

మనదేశంలో పరువు నష్టం ఇంకా నేరమే. 2016లో సుబ్రమణియన్ స్వామి కేసులో సుప్రీంకోర్టు ఆ సెక్షన్లు రాజ్యాంగబద్ధమేనంది. గరిష్ఠంగా రెండేళ్ల సాధారణ జైలు. నా ప్రాక్టీసులో అసలు శిక్ష వాయిదాలే. ఫిర్యాదుదారు తనకు వీలైన కోర్టులో వేస్తాడు, విలేకరి ఏళ్ల తరబడి బస్సెక్కి అక్కడికి వెళ్లాలి. కాబట్టి మొదట చేయాల్సింది వ్యక్తిగత హాజరు నుంచి మినహాయింపు పిటిషన్. కొత్త క్రిమినల్ విచారణ చట్టం బీఎన్ఎస్ఎస్‌లో ఇది 228, పాత 205. 2024 జులై 1 నుంచి మనకు కలిసొచ్చిన మార్పు ఒకటుంది. ప్రైవేటు ఫిర్యాదును మేజిస్ట్రేట్ విచారణకు స్వీకరించే ముందే నిందితుడికి చెప్పుకునే అవకాశం ఇవ్వాలని 223 సెక్షన్ అంటోంది. అంతకుముందు సమన్లు వచ్చేదాకా మన గొంతు వినేవాళ్లే లేరు. ఈ దశను చాలామంది లాయర్లు మొక్కుబడిగా వదిలేస్తున్నారు. వదలకండి. వార్త మొత్తం చదివి వినిపించండి. ఫిర్యాదులో ఎప్పుడూ రెండు వాక్యాలే కత్తిరించి పెడతారు.

ఫిర్యాదులో చైర్మన్ దగ్గర నుంచి పేపర్ వేసే ఏజెంట్ దాకా అందర్నీ ముద్దాయిలుగా చేర్చడం మనవాళ్లకు సరదా. పత్రిక చివరి పేజీ అడుగున ఇంప్రింట్ లైనులో ఎడిటర్‌గా ఎవరి పేరుందో వాళ్ల మీదే 1867 నాటి పత్రికల చట్టం బాధ్యతను ఊహించేది. చీఫ్ ఎడిటర్ అనో, ఇంకో హోదా అనో ఉన్నవాళ్ల మీద ఆ ఊహ చెల్లదని 1991లో కె.ఎం.మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వాళ్లకు ఆ వార్త గురించి ముందే తెలుసని ఫిర్యాదుదారే ప్రత్యేకంగా చెప్పాలి. కాబట్టి పెద్దవాళ్లు కేసు కొట్టేయమనే క్వాష్ పిటిషన్‌తో హైకోర్టులో త్వరగానే బయటపడతారు. చివరికి మిగిలేది ఎవరు? రాసిన విలేకరి. మీరు అడగని నాలుగో ప్రశ్న ఇక్కడ మొదలవుతుంది.

మండల విలేకరి గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. అపాయింట్‌మెంట్ లెటర్ ఉండదు. లైన్ అకౌంట్, అంటే అచ్చయిన లైన్ల లెక్క, కింద నెలకు వచ్చేది పెట్రోలుకు కూడా చాలదు. అక్రిడిటేషన్ కార్డు, మెడలో ఐడీ, ఊళ్లో కాస్త గౌరవం, ఇవే జీతం. కేసు పడగానే కొన్ని యాజమాన్యాలు చెప్పే మొదటి మాట: "అతను మా ఉద్యోగి కాదండీ, కంట్రిబ్యూటర్." నిన్నటిదాకా అదే మనిషి వార్తకు బ్యానర్ పెట్టి మురిసిపోయినవాళ్లే. అన్ని యాజమాన్యాలూ అలా చేస్తాయని అనను. చివరిదాకా నిలబడి లాయర్ ఫీజు, ప్రయాణం ఖర్చు, జైల్లో ఉన్నన్నాళ్లు ఇంటి ఖర్చు కూడా ఇచ్చినవాళ్లను చూశాను. కానీ మీరు ప్రాక్టీసు మొదలుపెట్టేటప్పుడు రెండో రకాన్ని నమ్ముకుని మొదలుపెట్టకండి.

ఇంకో చేదు సంగతి. గ్రామీణ విలేకరి మీద పెట్టే కేసుల్లో పరువు నష్టం తక్కువ. ఎక్కువగా పెట్టేది బెదిరించి డబ్బు గుంజాడన్న కేసు, కొత్త చట్టంలో 308 సెక్షన్. అది ఎందుకంత తేలిగ్గా అతుక్కుంటుందో డెస్క్‌లో చేసిన మీకు తెలుసు. పంద్రాగస్టుకు, సంక్రాంతికి, పత్రిక వార్షికోత్సవానికి యాడ్ టార్గెట్ ఇచ్చేది ఈ విలేకరికే. ఎవరి దగ్గరికి వెళ్తాడు? సర్పంచ్, కాంట్రాక్టర్, రేషన్ డీలర్, రైస్ మిల్లర్, ప్రైవేటు ఆసుపత్రి. తను వార్త రాయాల్సిందీ వాళ్ల మీదే. జూన్‌లో శుభాకాంక్షల ప్రకటన కోసం వాట్సాప్‌లో రేటు పంపుతాడు, సెప్టెంబర్‌లో నాసిరకం రోడ్డు మీద వార్త రాస్తాడు. కాంట్రాక్టర్ ఆ పాత మెసేజ్ పట్టుకుని స్టేషన్‌కు వెళ్తాడు. "యాడ్ ఇవ్వనందుకు కక్షగట్టి రాశాడు" అంటాడు. ఇప్పుడు మీరు వాదించండి. ఇలాంటి ఒక కేసులో మమ్మల్ని కాపాడినవి రెండే కాగితాలు. ఆ ప్రకటనకు డబ్బు నేరుగా పత్రిక ఖాతాలో పడినట్టు రసీదు ఒకటి, రోడ్డు నాణ్యత మీద విలేకరి ప్రకటన సంగతి రాకముందే పెట్టిన సమాచార హక్కు దరఖాస్తు రెండోది. ఆ దరఖాస్తు మీదున్న పంచాయతీ ఆఫీసు స్టాంపు తేదీయే మాకు బెయిల్ తెచ్చింది. కొన్ని కేసులు నిజం కూడా. డబ్బు గుంజే విలేకరులు లేరని నేను మీకు అబద్ధం చెప్పను. క్లయింట్ ఫోన్లో యాడ్ మెసేజులన్నీ ముందే మీరే చూడాలి, పోలీసులు చూసేలోపు.

ఇక వకాలత్, అంటే క్లయింట్ మనకిచ్చే అధికార పత్రం, సంగతి. పత్రికకు, విలేకరికి ఒకే వకాలత్ మీద మీరే హాజరైతే ఖర్చు తగ్గుతుంది, అందరూ అదే అడుగుతారు. ఏడాది గడిచాక యాజమాన్యం రాజీకి వస్తుంది. "చింతిస్తున్నాం" అని పేపర్లో వేస్తుంది, ఫిర్యాదుదారు పత్రిక మీద కేసు వెనక్కి తీసుకుంటాడు, విలేకరి మీద మాత్రం ఉంచుతాడు. పత్రికే తప్పొప్పుకున్నాక విలేకరి ఏ మొహంతో వార్త నిజమని వాదిస్తాడు? ఒకరి ప్రయోజనం ఇంకొకరికి ఎదురైనప్పుడు ఇద్దరి తరఫునా ఒకే లాయర్ ఉండకూడదని బార్ కౌన్సిల్ నియమాలు చెబుతాయి. ఆ స్థితి వచ్చాక ఇద్దరినీ వదిలేయాల్సి వస్తుంది. అందుకే నేను మొదటి రోజే యాజమాన్యంతో ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుంటాను: రాజీ అంటే అందరి మీదా కేసు పోవాలి, విలేకరిని వదిలేసి రాజీ లేదు, ఫీజు సంస్థదే. సంతకం పెట్టబోమన్నవాళ్లూ ఉన్నారు. అలాంటి చోట విలేకరికి వేరే లాయర్‌ను చూసి పెట్టి, నేను పత్రిక కేసు మాత్రమే తీసుకుంటాను, లేదా విలేకరి కేసే తీసుకుని పత్రికను వదులుకుంటాను. రెండోదే ఎక్కువసార్లు చేశాను. ఆదాయం తగ్గింది.

అరెస్టుల విషయానికొస్తే, శుక్రవారం రాత్రి ఫోన్ సైలెంట్‌లో పెట్టకండి. కోర్టులు మళ్లీ సోమవారం గానీ తెరవరు కాబట్టి ఆ రాత్రే ఎత్తుకెళ్తారు. ఏడేళ్లలోపు శిక్ష పడే సెక్షన్లయితే మామూలుగా ముందు విచారణకు రమ్మని బీఎన్ఎస్ఎస్ 35(3) నోటీసు ఇవ్వాలి, అదే పాత 41ఏ. నోటీసు ఇవ్వకుండా అరెస్టు చేస్తే ఎందుకో రాసి ఉండాలి. అరెస్టుకు కారణాలు రాతపూర్వకంగా చేతికిచ్చారా అన్నది అడగండి. 2023 అక్టోబర్‌లో అరెస్టయిన న్యూస్‌క్లిక్ ఎడిటర్ ప్రబీర్ పుర్కాయస్థను 2024 మే 15న సుప్రీంకోర్టు విడుదల చేయించింది ఆ ఒక్క అంశం మీదే. ఉగ్రవాద కేసుల చట్టం ఉపా లాంటిది ఉన్నా సరే, కారణాలు రాసివ్వకపోతే అరెస్టే చెల్లదంది. ఆదివారం పొద్దున మేజిస్ట్రేట్ ఇంటి దగ్గర రిమాండ్ రిపోర్టు కాపీ చేతికి రాగానే మొదట మీరు వెతకాల్సింది ఆ కాగితం. ఒకే వార్త మీద వేర్వేరు ఊళ్లలో కేసులు పెడితే టీవీ ఎడిటర్ అర్ణబ్ గోస్వామి కేసులో 2020 నాటి తీర్పు, ఫ్యాక్ట్ చెకర్ మహమ్మద్ జుబేర్ కేసులో 2022 నాటి తీర్పు బ్యాగులో ఉండాలి. జుబేర్‌ను ట్వీట్లు చేయొద్దని ఆదేశించమంటే, లాయర్‌ను వాదించొద్దని చెప్పినట్టుంటుందని కోర్టు ఒప్పుకోలేదు.

పార్టీ ముద్ర గురించి అడిగారు. ఉన్న మాట చెబుతాను, తెలుగు రాష్ట్రాల్లో ముద్ర పడకుండా ఉండటం కుదరదు. ఫలానా పేపర్ ఫలానా పార్టీది అని పిల్లలు కూడా చెబుతారు, ఆ పేపర్ లాయర్‌నూ అందులోనే వేస్తారు. కానీ కేసుల చరిత్ర చూడండి. 1983లో "పెద్దల గలభా" అన్న శీర్షిక మీద శాసనమండలి సభాహక్కుల ఉల్లంఘన అంటూ 'ఈనాడు' ఎడిటర్ రామోజీరావు మీదికి వెళ్లింది. 1984లో సుప్రీంకోర్టు అరెస్టును ఆపింది. 2019లో వైసీపీ ప్రభుత్వం మీడియా మీద కేసులు వేయడానికి ఆయా శాఖల కార్యదర్శులకు అధికారమిస్తూ జీవో 2430 తెచ్చింది. 2021లో ఒక ఎంపీ మాటలను ప్రసారం చేసినందుకు ఏబీఎన్, టీవీ5ల మీద సీఐడీ రాజద్రోహం కేసు పెట్టింది. మే 31న సుప్రీంకోర్టు కఠిన చర్యలు వద్దని అడ్డుకుని, రాజద్రోహానికి హద్దులు గీయాల్సిన సమయం వచ్చిందంది. ప్రభుత్వం మారింది. 2025 జూన్ 9న సాక్షి టీవీ యాంకర్ కొమ్మినేని శ్రీనివాసరావును ఆంధ్ర పోలీసులు హైదరాబాద్‌లో అరెస్టు చేశారు. కేసుకు కారణమైన మాటలన్నది చర్చలో పాల్గొన్న అతిథి. నాలుగు రోజులకు, జూన్ 13న, సుప్రీంకోర్టు విడుదల చేయమంది. ఆ మాటలు ఈయన అన్నవి కావు కదా అన్నదే అక్కడ ముఖ్యమైన అంశం.

ఈ రెండు ఆదేశాలనూ పక్కపక్కన పెట్టుకోండి. ఒక చానల్ తరఫున వాదించే లాయర్‌కు అవతలి చానల్ తెచ్చుకున్న ఆదేశమే ఆయుధం. నేను అటు కేసులూ చేశాను, ఇటు కేసులూ చేశాను. రెండు వైపులా పూర్తిగా నమ్మరు. మొదట్లో బాధనిపించేది, తర్వాత అదే మంచిదనిపించింది. రాజకీయ నాయకుల వ్యక్తిగత కేసులు మాత్రం తీసుకోకండి. ఈ రోజు మంత్రిగారి పరువు నష్టం ఫిర్యాదు మీరు వేస్తే, రేపు విలేకరి తరఫున అదే సెక్షన్‌ను తప్పుబడుతుంటే జడ్జిగారు మీ వైపు అదోలా చూస్తారు.

సోర్సు గురించి జర్నలిస్టులకే సరైన అవగాహన ఉండదు. సోర్సు చెప్పనక్కర్లేదని చట్టముందని అందరూ అనుకుంటారు. 1978 ప్రెస్ కౌన్సిల్ చట్టం 15(2) ఆ రక్షణ ఇచ్చేది ప్రెస్ కౌన్సిల్ విచారణకే. కోర్టులో అడిగితే చెప్పనంటానన్న హక్కు చట్టంలో విడిగా లేదు, కేసు కేసుకూ వాదించి తెచ్చుకోవాలి. పైగా ఇప్పుడు సోర్సును అడిగే అవసరమే లేదు, ఫోన్ సీజ్ చేస్తే చాలు. సీజ్ చేసినప్పుడు పంచనామాలో హ్యాష్ విలువ (ఫోన్లోది ఆ తర్వాత మారలేదని చూపే అంకె) రాశారా, పాస్‌వర్డ్ ఎవరి సమక్షంలో ఇచ్చారు అన్నవి అప్పటికప్పుడే పిటిషన్‌లో పెట్టండి. ఇంకోటి, మన రికార్డింగ్ మనకు ఉపయోగపడాలన్నా సాక్ష్య చట్టం 63 కింద సర్టిఫికెట్ కావాలి, పాత 65బీ. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వచ్చి "సార్, ఇదుగో ప్రూఫ్" అంటే కోర్టు తీసుకోదు.

ఈ మధ్య పెరిగిన బెడద ఇంజంక్షన్లు. ముఖ్యంగా బెంగళూరు సివిల్ కోర్టుల్లో, మనకు చెప్పకుండానే, పేరున్నవాళ్లూ లేనివాళ్లూ అందరినీ కలిపి, ఫలానా వ్యక్తి మీద ఏమీ రాయొద్దని ఆదేశాలు తెచ్చుకుంటారు. తెలుగు చానల్‌కు ఆ సంగతి తెలిసేది యూట్యూబ్ వీడియో మాయమయ్యాక. 2024 మార్చిలో బ్లూమ్‌బర్గ్ కేసులో సుప్రీంకోర్టు, వార్త దురుద్దేశంతో రాసిందనో పచ్చి అబద్ధమనో పైకే తేలితే తప్ప విచారణకు ముందే అచ్చు ఆపకూడదని గట్టిగా చెప్పింది. కింది కోర్టులకు ఆ తీర్పు ఇంకా చేరాల్సినంత చేరలేదు. పెద్ద కథనం వస్తోందంటే నేను ముందే నాలుగైదు చోట్ల కేవియట్, అంటే మాకు చెప్పకుండా ఆదేశం ఇవ్వొద్దన్న అర్జీ, వేయిస్తాను. అది 90 రోజులు పనిచేస్తుంది. ఏ ఊరి కోర్టుకు వెళ్తారో ఊహించడం ఒక విద్య.

యూట్యూబ్ చానళ్లవాళ్లు ఇప్పుడు నా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువ. "వీళ్లు జర్నలిస్టులేనా?" అని మీ సీనియర్లు ముక్కు విరుస్తారు. రాజ్యాంగంలో పత్రికలకు విడిగా హక్కేమీ లేదు, ఉన్నది పౌరుల వాక్‌స్వేచ్ఛ. అది అక్రిడిటేషన్ కార్డును బట్టి రాదు. 1950లో సుప్రీంకోర్టు ఈ స్వేచ్ఛ మీద ఇచ్చిన తొలి పెద్ద తీర్పు కూడా 'క్రాస్ రోడ్స్' అనే ఒక చిన్న వామపక్ష వారపత్రిక గురించే. దాన్ని నిషేధించింది మద్రాసు ప్రభుత్వం, అంటే అప్పట్లో కోస్తా, రాయలసీమ కూడా ఆ నిషేధం కిందే ఉన్నాయి. ఆ పత్రికను నడిపిన రమేశ్ థాపర్‌ను చూసి కూడా ఎవరో ఒకరు ముక్కు విరిచే ఉంటారు. అయితే యూట్యూబర్‌కు ఎడిటర్ ఉండడు, డెస్క్ ఉండదు. థంబ్‌నెయిల్ మీద రాసిన మాట వీడియోలో ఎక్కడా ఉండదు. కేసు వచ్చేది ఆ థంబ్‌నెయిల్ మీదే. వీళ్లకు కోర్టు కన్నా ముందు డెస్క్ అవసరం. మీరు ఆ డెస్క్ కాగలరు.

డబ్బు సంగతి చివరికి వదిలేశాను, ఇష్టం లేక. పెద్ద సంస్థలు నెలకింత అని రిటైనర్ ఇస్తాయి, అది సీనియర్లకు వెళ్తుంది. చిన్న పత్రికలు వాయిదాకింత అని ఇస్తాయి, అడగ్గా అడగ్గా. విలేకరి ఇవ్వగలిగింది టైపింగ్ ఖర్చు. యూనియన్లు చందాలు వేసుకుని ఇచ్చిన సందర్భాలున్నాయి. కాబట్టి మొదటి ఏళ్లలో చెక్ బౌన్స్, భూ తగాదాలు, మోటార్ ప్రమాదాల క్లెయిములు చేయాల్సిందే. అవి చిన్నతనం కాదు, క్రాస్ ఎగ్జామినేషన్ నేర్చుకునేది అక్కడే. క్రాస్ రాకుండా రాజ్యాంగం ఒక్కటే చదివినవాళ్లు ఈ పనిలో ఎక్కువ కాలం నిలవలేదు. నేను స్థిరపడటానికి పదేళ్లకు పైగా పట్టింది. ఇంట్లో ఇంకో జీతం ఉండటం వల్ల నెగ్గుకొచ్చాను.

ఎలా మొదలుపెట్టాలంటే, బార్ పరీక్ష రాశాక ట్రయల్ కోర్టు పని బాగా ఉన్న క్రిమినల్ సీనియర్ దగ్గర చేరండి. మీడియా కేసులు లేకపోయినా ఫర్వాలేదు. సాయంత్రాలు తెలిసిన డెస్క్‌కు వార్తలు చదివిపెడతానని చెప్పండి, ఆ గంటకు తక్కువైనా సరే ఫీజు అడగండి. ఉచితంగా మొదలుపెడితే ఉచితంగానే ఉండిపోతుంది. మీ పాత పత్రిక కేసులు కొన్నాళ్లు ముట్టుకోకండి, దానికి ఎదురు కేసులూ ముట్టుకోకండి. ఇంకోటి, హైదరాబాదే రావాలని పట్టుపట్టకండి. మీరు ఏ జిల్లానో రాయలేదు. హైదరాబాద్ నుంచి వచ్చే లాయర్ కారు ఖర్చు మండల విలేకరి భరించలేడు, జిల్లా బార్‌లో ఈ సెక్షన్లు తెలిసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. అక్కడ కూర్చుని పై కోర్టు పని వచ్చినప్పుడు ఇక్కడి వాళ్లకు ఫైలు పంపేవాళ్లు కావాలి. అలాంటి ఫైళ్లు నాకూ వస్తుంటాయి. మీ జిల్లా పేరు, క్రిమినల్ వైపా సివిల్ వైపా ఆసక్తి ఎటో రాస్తే, ఆ కోర్టులో ఎవరి దగ్గర చేరితే బాగుంటుందో చెబుతాను.